జిరాఫీ పద్ధతి

మూడో అంతస్తు,
జూన్ 2

వదినగారికి నమస్కారాలు.

ఫోనెత్తకుండా కాగితం పట్టుకున్నానేమిటా అని ఆశ్చర్యపోకండి. పోయిన ఆదివారం మనిద్దరం ఫోన్లో మాట్లాడుకున్నాక మీ అమ్మాయి ఏడ్చిందట, మా అబ్బాయి భోజనం మానేశాడట. "అమ్మా, నువ్వూ అత్తయ్యా ఇక ఫోన్లో మాట్లాడుకోవద్దు. ఏమన్నా ఉంటే ఉత్తరాలు రాసుకోండి. కవరు అంటించేలోపు సగం కోపమైనా చల్లారుతుంది" అన్నాడు. కన్నకొడుకు చేత అనిపించుకున్నాను. సరే, ఊరంతటికీ టైపు నేర్పిన చేతులివి. ఉత్తరం నాకు కొత్త కాదు.

విషయం: మీరు పంపిన వేరుశనగల డబ్బా.

డబ్బా మీద "పిల్లలకు" అని రాశారు. పిల్లలు ఉండేది వేరే ఊళ్ళో. ఈ ఇంట్లో ఉండేది నేను, మీ అన్నయ్యగారు. నేను వేపుడు ముట్టనని మీకు తెలుసు. ఇక ఆ డబ్బా ఎవరి కోసం వచ్చిందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నేను మూత తీసేసరికే సగం ఖాళీ. అడిగితే, "చెల్లెమ్మ తూకం తక్కువ వేసుంటుంది" అన్నారు, మూతి తుడుచుకుంటూ.

మొన్న చలికాలంలో ఆయన స్నానాలగదిలో కళ్ళు తిరిగి పడిన సంగతి మీరు మరిచిపోయినట్టున్నారు. నేను మరవలేదు. బీపీ అన్నారు, మాత్రలు రాశారు. డాక్టరుగారు మాత్రలు రాస్తారుగానీ మనిషిని సరిచెయ్యరు కదా. బస్సు డిపోలో టైంకీపరుగా ఉద్యోగమంతా ఇతరుల బస్సుల్ని వేళకి నడిపిన పెద్దమనిషి, తన ఒంటిని నడుపుకోలేరు. అందుకని నేను నడుపుతున్నాను. పరగడుపున వెల్లుల్లి. దాని మీద క్యాబేజీ రసం. నీళ్ళు కూర్చునే తాగాలి. భోంచేశాక కాసేపు వెనక్కి నడవాలి. ఈ భవనంలో నేను నడిపే ఆరోగ్య గ్రూపు గురించి మీ అమ్మాయి చెప్పే ఉంటుంది. తెల్లారేసరికి నా చిట్కా వెళ్ళిపోతుంది. అది చదవకుండా పళ్ళు తోముకునేవాళ్ళు ఈ మెట్లమీద లేరు.

దయచేసి ఇకమీదట డబ్బాలు పంపకండి. మీరు కూడా ఆ పొయ్యి ముందు నిలబడేటప్పుడు మధ్యమధ్య ఎడమ ముక్కుతో గాలి పీల్చండి. ఒంటికి చలవ.

ఇట్లు,
మీ అల్లుడి తల్లి


జూ గేటు పక్క కొట్టు,
జూన్ 9

వదినగారూ,

మీ ఉత్తరం కొట్టుకే వచ్చింది. పోస్టుమేను గుప్పెడు వేరుశనగలు నోట్లో వేసుకుని, "ఏదో ఆఫీసునుంచి నోటీసు వచ్చినట్టుందమ్మా" అన్నాడు. మీ టైపు అంత ముచ్చటగా ఉంది. చదివాక నాకూ నోటీసే అనిపించింది.

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. మనకి రెండూ ఒకే ఇంట్లో కుదిరాయి. మన అదృష్టం.

డబ్బా అన్నయ్యగారికే పంపాను. దాచడం దేనికి? పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు ఆయన నా చేతిసంచీ వంక చూసిన చూపు, మా జూలో ఎలుగుబంటి నా కొట్టు వంక చూసే చూపు ఒకటే. మనసొప్పలేదు.

మీరు చిట్కాలు చెప్పారు కాబట్టి నేనూ నాకు తెలిసినవి చెబుతాను. నేను చదువుకున్నది ఈ గేటు దగ్గరే. ఒక పక్క పాప్‌కార్న్ మిషను, ఇంకో పక్క చిప్స్ సీసాలు, మధ్యలో ఇసుక బాణలి, ఎదురుగా జంతువులు. లోపల పనిచేసేవాళ్ళంతా నా దగ్గరే చిరుతిళ్ళు తింటారు, కబుర్లు చెబుతారు. నీటిఏనుగు ఉంది చూడండి, అది తినేదంతా గడ్డే. వేపుడు లేదు, ఉప్పు లేదు, బిస్కట్టు ముక్క లేదు. దాని నడుము మీరొకసారి చూడాలి. తాబేలు పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు గబగబా నడవలేదు. ముందుకే సరిగ్గా నడవదు, ఇక వెనక్కేం నడుస్తుంది? నూరేళ్ళు దాటి హాయిగా బతుకుతుంది.

ఇంకో సంగతి. మొన్న జిరాఫీని చూసుకునే అతను చెప్పాడు, జిరాఫీకి మనకంటే దాదాపు రెట్టింపు బీపీ ఉంటుందట. అంత మెడ ఎక్కి తలదాకా రక్తం వెళ్ళాలి కదా మరి. అన్నయ్యగారికి చెప్పండి, బీపీ ఉన్న పెద్దమనుషులు లోకంలో ఇంకా ఉన్నారని. దిగులు పడొద్దని.

ఎడమ ముక్కుతో గాలి పీల్చి చూశాను. కుడి పక్క పాప్‌కార్న్ మాడింది.

మీ కోడలి తల్లి


మూడో అంతస్తు,
జూన్ 15

వదినగారూ,

నీటిఏనుగు గురించీ తాబేలు గురించీ మీరు రాసినవాటిలోని వెటకారం అర్థం కానంత అమాయకురాలిని కాను. దాన్ని పక్కన పెడుతున్నాను. ఎందుకంటే అదే ఉత్తరంలో, మీకు తెలియకుండానే, మీరొక గొప్ప మాట రాశారు.

విషయం: జిరాఫీ.

రెట్టింపు బీపీ. అయినా నిటారుగా నిలబడుతుంది. ఏం తింటుంది? ఆకులు. ఎవరికి చూపించుకుంటుంది? ఎవరికీ లేదు. ఈ మాట చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మర్నాడు ఉదయం చిట్కాగా పంపాను. "జిరాఫీ పద్ధతి" అని నేనే పేరు పెట్టాను. నా చిట్కాలన్నిటిలో దీనికి వచ్చినన్ని చప్పట్ల బొమ్మలు దేనికీ రాలేదు. పై అంతస్తు ఇన్సూరెన్సు ఏజెంటు తన బంధువులందరికీ పంపాడు. వాళ్ళు తమ బంధువులకి పంపారు. సాయంత్రానికి అది తిరిగి నాకే వచ్చింది, కింద "పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తేల్చిన నిజం" అన్న ముక్క చేరి. నాకే నమ్మకం రెట్టింపైంది.

మీ అన్నయ్యగారికి సోమవారం నుంచి ఈ పద్ధతే. మొదట్లో మొహం చిట్లించారుగానీ, ఇప్పుడు మనిషి మారిపోయారు. ఎక్కడో ఒక కరపత్రం సంపాదించారు. కొండమీద ప్రకృతి శిబిరమట. కొన్ని వారాలు అక్కడే ఉండాలట, ఫోన్లూ ఉత్తరాలూ నిషేధమట. "నేను వెళ్తాను, నా ఒంటి సంగతి నేనే చూసుకోవాలి కదా" అని ఆయనే నోరు తెరిచి అడిగారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఇలాంటి మాట వినలేదు. ఆ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, ఆయనకి కనపడకుండా.

మీ మేలు మరవను. ఇలాంటివి ఇంకేమైనా తెలిస్తే రాయండి. వెటకారం లేకుండా.

మీ అల్లుడి తల్లి


జూ గేటు పక్క కొట్టు,
జూన్ 21

వదినగారూ,

నేనేదో ఊసుపోక రాస్తే మీరు దాన్ని ఊరేగించారు. నా మాటకి చప్పట్లు పడ్డాయంటే ఆనందమేగానీ, ఆకులు తినిపించి అన్నయ్యగారిని మరీ నీరసపెట్టకండి. జిరాఫీ నమిలిందే మళ్ళీ నెమరేస్తుంది, రోజంతా దానికదే పని. మనిషికి వేరే పనులుంటాయి.

శిబిరం మాట మంచిదే. కొండ గాలి తగిలితే మనసు కుదుటపడుతుంది. వెళ్ళేటప్పుడు దారిలో నమలడానికి ఏమన్నా ఇవ్వండి. పోనీ, క్యారెట్టు ముక్కలైనా.

ఇక్కడ బడులు తెరిచినా ఆదివారాలు జనం తగ్గలేదు. గిరాకీ బాగుంది. పిల్లలు కోతికి చిప్స్ విసురుతున్నారని కోతిని చూసుకునేవాడు వచ్చి నన్ను తిట్టాడు. నేను అమ్మేది పిల్లలకి, కోతికి కాదని చెప్పాను. "అమ్మకపోతే విసరరు కదా" అన్నాడు. వాడికో పొట్లం చేతిలో పెట్టి పంపాను.

మీ కోడలి తల్లి


మూడో అంతస్తు,
జూన్ 29

వదినగారూ,

మీ అన్నయ్యగారు శుక్రవారం బయలుదేరారు. సంచీలో క్యారెట్టు ముక్కలు పెట్టాను, మీరన్నారని. బస్సు కదిలేటప్పుడు చెయ్యూపారు. కిటికీలో ఆయన మొహం వెలిగిపోతోంది. ఆరోగ్యం మీద మనిషికి అంత ఆశ ఉంటుందని నేననుకోలేదు.

ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. బీపీ మిషను బల్లమీదే ఉంది. నిన్న నాకే కట్టుకుని చూసుకున్నాను. బాగానే ఉంది. ఇంకోసారి చూసుకున్నాను. నా ఒక్కదానికే క్యాబేజీ రసం తీస్తే మిక్సీ కడగడమే పెద్ద పని. రెండు రోజులుగా తియ్యలేదు. ఈ మాట గ్రూపులో చెప్పకండి. అయినా మీరు గ్రూపులో లేరు.

శిబిరానికి ఉత్తరం రాద్దామంటే నిషేధమన్నారు. ఎలా ఉన్నారో ఏమో. అక్కడ నీళ్ళు కూర్చునే తాగిస్తారంటారా?

మీ అల్లుడి తల్లి


జూ గేటు పక్క కొట్టు,
జూలై 4

వదినగారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అలా రాస్తారని అనుకోలేదు. దిగులు పడకండి, అన్నయ్యగారు ఎక్కడున్నా క్షేమంగానే ఉంటారు. నా మాట నమ్మండి.

ఊరికే ఒక సంగతి అడుగుతాను. నా కొట్టులో ఈ మధ్య ఒక పెద్దాయన సాయంగా ఉంటున్నారు. మంచి మనిషి. పొట్లాలు కడతారు, చిల్లర చూస్తారు, క్యూలో పిల్లలు తోసుకుంటే ఒక్క ఈల వేసి వరసలో నిలబెడతారు. పాపం, మొన్న మధ్యాహ్నం ఎండలో కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు. వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. బీపీ చాలా ఎక్కువుందన్నాడు. ఈయన మాత్రలు మానేశారట.

మీ చిట్కాల్లో ఏముంది వదినగారూ? బీపీ మాత్రలు ఉన్నట్టుండి మానెయ్యొచ్చా? మీ జిరాఫీ పద్ధతి అంటే ఆకులు తినడమే కదా? అందులో ఇంకేమన్నా ఉందా? వెంటనే రాయండి.

మీ కోడలి తల్లి


మూడో అంతస్తు,
జూలై 9

వదినగారూ,

మీ ఉత్తరం చదివాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

విషయం: పెద్దాయన.

మీ వారు పోయి ఇన్నేళ్ళయింది. ఒంటరిగా కొట్టు నడుపుతూ కూతుర్ని పెంచి పెళ్ళి చేశారు. ఆ విషయంలో మీమీద గౌరవం నాకు ఎప్పుడూ తగ్గలేదు. కానీ ఈ వయసులో, నలుగురూ తిరిగే గేటు దగ్గర, ఊరూ పేరూ లేని మగవాణ్ణి కొట్టులో నిలబెట్టుకోవడం ఏం బాగుంది? మీ అమ్మాయికి తెలుసా? "మంచి మనిషి" అని రాశారు. ఇల్లు వదిలి తిరిగే ముసలివాళ్ళందరూ బయటివాళ్ళకి మంచివాళ్ళే. ఆయనకి పెళ్ళాం ఉందా? ఉంటే ఆ మహాతల్లి ఎక్కడ కూర్చుని ఎంత కుమిలిపోతోందో ఒక్కసారైనా ఆలోచించారా? ఈలలు వేస్తాడట, ఈలలు!

ఇక మీరడిగిన మాట. మాత్రలు మానడం తప్పేమీ కాదు. జిరాఫీ పద్ధతిలో అసలు కిటుకే అది. ఆకులు ఎవరైనా తింటారు. జిరాఫీ ఆకులు తింటుంది గానీ మాత్ర వేసుకోదు. మీ అన్నయ్యగారి మాత్రలు పద్ధతి మొదలైన రోజే చెత్తబుట్టలో వేశాను. ఆయన ఒక్క మాట అనలేదు. మా భవనంలో ఇంకా కొందరు మానేశారు. రెండో అంతస్తులో ఉండే కుట్టు టీచరు అయితే, "మేడమ్, మీరు చెప్పాక ఒళ్ళంతా తేలికగా ఉంది" అంటోంది. మీ పెద్దాయనకి కళ్ళు తిరిగింది ఎండకి అయ్యుంటుంది. లేదా మనసులో ఏదో తప్పు చేస్తున్నానన్న బెదురు వల్ల.

ఆయన్ని తక్షణం ఇంటికి పంపెయ్యండి. ఇది మీ అమ్మాయి అత్తగారిగా కాదు, సాటి ఆడదానిగా చెబుతున్నాను.

మీ అల్లుడి తల్లి


జూ గేటు పక్క కొట్టు,
జూలై 12

వదినగారూ,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. నీళ్ళ గురించి కాదు, నిజంగానే కూర్చోండి.

ఆ పెద్దాయన మీ ఆయనే.

చెప్పనని మాటిచ్చాను. మీ ఉత్తరం చూశాక ఆ మాట తప్పుతున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

జూన్ ఆఖర్లో ఒక ఉదయం బాణలిలో ఇసుక వేడెక్కుతుండగా ఎదురుగా అన్నయ్యగారు, చేతిలో సంచీ. "అమ్మాయికి ఏమన్నా అయిందా?" అన్నాను. "అందరూ బాగున్నారు చెల్లెమ్మా. నాకే ఆకలేస్తోంది" అన్నారు. ఏ శిబిరమూ లేదు. ఆ కరపత్రం డిపోలో పాత స్నేహితుడి కొడుకు చేత అచ్చు వేయించుకున్నదట. రాత్రుళ్ళు బస్టాండులో డ్రైవర్ల విశ్రాంతి గదిలో పడుకుంటారు, పగలు నా కొట్టులో ఉంటారు. మీరు ఊహించుకున్నదేమీ లేదు. నేను కాస్త నవ్వుకున్నాను కూడా, క్షమించండి. తర్వాత నవ్వు రాలేదు.

"వదినకి చెప్పకుండా ఇదేం పని?" అని అడిగాను. వేరుశనగ పొట్టు ఊదుకుంటూ ఆయనన్న మాట ఇది. "ఆవిడ మంచిదే చెల్లెమ్మా. కానీ నేను పడ్డరోజు నుంచీ ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. నన్ను కొలుస్తుంది. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. అంకె బాగుంటే నవ్వుతుంది, లేకపోతే లేదు. ఇంట్లో నాకంటే ఆ అంకెకే మర్యాద ఎక్కువ."

మాత్రల సంగతి నేనడగలేదు. వేసుకుంటున్నారనే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం జిరాఫీ కంచె దగ్గర పిల్లలకి ఏదో చెబుతూ చెబుతూ మాట తడబడింది. ఇనుప ఊచ పట్టుకుని కిందకి జారిపోయారు. జిరాఫీని చూసుకునే అతనూ నేనూ చెరో పక్కన పట్టుకుని తీసుకెళ్ళాం. డాక్టరు మిషను తీసి, "ఏం మాత్రలు వాడుతున్నారు?" అన్నాడు.

"మానేశానండి."

"ఎవరు మానమన్నారు?"

"జిరాఫీ" అన్నారు అన్నయ్యగారు.

డాక్టరు నా వంక చూసి, "తలకేమన్నా దెబ్బ తగిలిందా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆ జిరాఫీని మీ ఇంటికి పంపింది నేనే కదా. అంతటితో అయిందా? "ఈ ఉప్పు వేరుశనగలు రోజూ ఎవరు పెట్టారు ఈయనకి?" అన్నాడు. మళ్ళీ తల దించుకున్నాను. ఇక దించడానికి తల మిగల్లేదు.

బయటికొచ్చాక జిరాఫీ అతను నామీద మండిపడ్డాడు. "నేను చెప్పింది సగమే విన్నావమ్మా. జిరాఫీ గుండే నరాలూ పుట్టుకతోనే ఆ ఒత్తిడికి తగ్గట్టు గట్టిగా ఉంటాయి. కాళ్ళ చర్మం కూడా బిగుతు మేజోడులా పట్టి ఉంచుతుంది. దానికది జబ్బు కాదు, అవసరం. మనిషికి అదే ఒత్తిడి వస్తే నరం చిట్లుతుంది" అన్నాడు. నేను సగం విని రాశాను, మీరు ఆ సగం పట్టుకుని ఊరంతా పంచారు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేది ఒకరైతే ఫరవాలేదు. మనం ఇద్దరం చేరాం.

అన్నయ్యగారు మళ్ళీ మాత్రలు వేసుకుంటున్నారు. ఇప్పుడు నయం. కానీ మీ భవనంలో ఇంకా కొందరు మానేశారని రాశారే, అది చదివాక బాణలి దింపేసి ఈ ఉత్తరం రాస్తున్నాను. గ్రూపులో రాసి ఊరుకోకండి. మెట్లు దిగి ప్రతి తలుపూ కొట్టండి. నన్ను తర్వాత తిట్టుకోవచ్చు, ఫోన్లోనే తిట్టండి. ముందు లేవండి.

మీ కోడలి తల్లి


మూడో అంతస్తు,
జూలై 18

వదినగారూ,

మీ ఉత్తరం చదవగానే ముందు మీమీద కోపం వచ్చింది. తర్వాత ఆయనమీద. ఆ తర్వాత కోప్పడటానికి ఇంకెవరూ మిగల్లేదు. అప్పుడు లేచాను.

ముందు గ్రూపులోనే రాశాను. "జిరాఫీ పద్ధతి తప్పు. ఎవరూ డాక్టరుని అడగకుండా మాత్రలు మానకండి" అని. వదినగారూ, వింటే నవ్వుతారు. జిరాఫీ గురించి రాసినప్పుడు ఒక్కరంటే ఒక్కరు "ఎవరు చెప్పారు?" అని అడగలేదు. ఇప్పుడు నిజం రాస్తే అందరూ అడిగారు. "మేడమ్, దీనికి ఆధారం ఏమిటి?" "ఇది మందుల కంపెనీవాళ్ళు పుట్టించిన పుకారులా ఉంది, జాగ్రత్త." "మేడమ్ ఫోను ఎవరో దొంగిలించి రాస్తున్నట్టున్నారు." గ్రూపు చూసుకోవడానికి నేనే సాయం పెట్టుకున్న ఇన్సూరెన్సు ఏజెంటు నన్ను గ్రూపులోంచి తీసేశాడు. నేను పెట్టిన గ్రూపులోంచి నన్ను!

మెట్లు దిగాను. తలుపులు కొట్టాను. కొందరు విన్నారు, కొందరు లోపల్నుంచే తర్వాత రమ్మన్నారు. కుట్టు టీచరు తలుపు తియ్యలేదు. లోపల కుట్టుమిషను దీపం వెలుగుతోంది. వాచ్‌మన్ వచ్చి గడియ ఊడగొట్టాడు. మిషను ముందు కుర్చీలో కూర్చుని ఉంది, మనిషి ఒక పక్కకి ఒరిగిపోయి. నన్ను చూసి ఏదో చెప్పబోయింది. మాట ముద్దగా వచ్చింది.

బతికింది. సమయానికి తీసుకొచ్చారన్నారు డాక్టర్లు. కుడిచెయ్యి ఇంకా సరిగ్గా లేవడం లేదు. వస్తుందంటున్నారు, రోజూ వ్యాయామం చేయిస్తే. అది సూది పట్టే చెయ్యి. నేను ఆసుపత్రిలోనే ఉంటున్నాను. నిన్న చెంచాతో జావ తాగిస్తుంటే ఆవిడ నా వంక చూసి, కూడబలుక్కుని, "మేడమ్, ఈ చేతికి ఏమన్నా చిట్కా ఉందా?" అంది. నామీద కోపం లేదు ఆ మనిషికి. నమ్మకం ఇంకా అలాగే ఉంది. తిట్టి ఉంటే బాగుండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది. నేను ఆకులు పట్టుకునే చేతులు కాల్చుకున్నాను.

మీ అన్నయ్యగారు అన్న మాట నిజమే. ఆయన పడ్డరోజు తలుపవతల ఆ చప్పుడు విన్నాను. అప్పట్నుంచీ ఇంట్లో ఏ చిన్న చప్పుడైనా నాకదే వినిపిస్తుంది. మిషనులో అంకె కనిపిస్తే ఆ చప్పుడు కాసేపు ఆగేది. అది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. క్యాబేజీ గురించి చెప్పాను.

ఆయన్ని పంపమని అడగను. అడిగే మొహం లేదు. మాత్రలు వేసుకుంటున్నారో లేదో మాత్రం రాస్తూ ఉండండి.

మీ అల్లుడి తల్లి


జూ గేటు పక్క కొట్టు,
జూలై 22

వదినగారూ,

మీ ఉత్తరం అన్నయ్యగారికి ఇచ్చేశాను. అడక్కుండా ఇచ్చినందుకు ఏమీ అనుకోకండి. ఇక మన ముగ్గురి మధ్యా ఎవరో ఒకరు ఏదో ఒకటి దాచడం నావల్ల కాదు.

కొట్టు వెనక స్టూలు మీద కూర్చుని చదివారు. ఎంతసేపటికీ లేవలేదు. గిరాకీ వస్తే నేనే చూసుకున్నాను. చివరికి కళ్ళజోడు తీసి, "అన్ని మెట్లూ దిగి తలుపులు కొట్టిందా? ఆవిడకి మోకాళ్ళ నొప్పులు చెల్లెమ్మా" అన్నారు. అంతే. సంచీ సర్దుకున్నారు. గురువారం బస్సుకి వస్తున్నారు.

ఏమన్నా చెప్పమంటారా అని అడిగితే, "గుమ్మంలో అడుగుపెట్టగానే మిషను తియ్యొద్దని చెప్పు. చెప్పులు విప్పుకోనివ్వమను" అన్నారు. తర్వాత కావాలంటే చూసుకోవచ్చట.

నేను కూడా ఉప్పు వెయ్యని వేరుశనగలు ఒక సీసాలో పెట్టి, "ఒంటికి మంచిది" అని అట్టముక్క తగిలించాను. నాలుగు రోజులైనా ఒక్కరూ కొనలేదు. ఎవరో నవ్వి ఫోటో తీసుకెళ్ళారు. అట్ట తీసేశాను. ఇప్పుడు కొంటున్నారు.

కుట్టు టీచరుగారి చెయ్యి ఎలా ఉందో రాయండి. ఆసుపత్రిలో తోడు కావాలంటే చెప్పండి. రెండు రోజులు కొట్టు మూసి వస్తాను.

మీ కోడలి తల్లి


మూడో అంతస్తు,
ఆగస్టు 6

వదినగారూ,

మీ అన్నయ్యగారు క్షేమంగా చేరారు. చెప్పులు విప్పుకోనిచ్చాను. మిషను మర్నాడు డాక్టరుగారే చూశారు.

కుట్టు టీచరు ఇంటికొచ్చేసింది. వేళ్ళు కదులుతున్నాయి. పట్టు ఇంకా రాలేదు. సాయంత్రాలు ఆవిడ దగ్గర కూర్చుంటున్నాను. ఒప్పుకున్న బట్టలు ఆగిపోకూడదని నాకు సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పుతోంది. నేను కుట్టిన గుండీ చూసి నిన్న మొదటిసారి నన్ను తిట్టింది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

గ్రూపు మానలేదు. ఇన్సూరెన్సు ఏజెంటు చేతిలో దివ్యంగా నడుస్తోంది. ఈ వారం ఒంటె పద్ధతట. ఒంటె నీళ్ళు తాగకుండా రోజుల తరబడి ఉంటుంది కాబట్టి మనమూ ఉండొచ్చట. చప్పట్ల బొమ్మలు నా జిరాఫీకంటే ఎక్కువ వచ్చాయని కుట్టు టీచరు చెప్పింది. నేను మళ్ళీ మెట్లెక్కి తలుపులు కొట్టొచ్చాను. "మీకు అసూయ మేడమ్" అన్నారు ఇద్దరు. ఒకావిడ మాత్రం నన్ను లోపలికి పిలిచి, తలుపేసుకుని, నా ముందే గ్లాసుడు నీళ్ళు గటగటా తాగింది. నిలబడే తాగింది. చూస్తూ ఊరుకున్నాను.

ఇక ఇవాళ్టి సంగతి. పొద్దున ఆయన మాత్ర వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని, "ఇవాళ చిట్కా ఏమిటి?" అన్నారు. వేళాకోళానికే.

"ఏమీ లేదు" అన్నాను.

"అయితే ఏదన్నా మాట్లాడు."

ఇన్నాళ్ళూ ఆయనతో ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను, తీరా మాట్లాడమంటే నోట్లో మాట లేదు. చివరికి, మీరు స్నానాలగదిలో పడిన రోజు నేనేం చేశానో తెలుసా అని మొదలుపెట్టాను. ఆయనకి తెలియదట. ఎవరూ చెప్పలేదట. తలుపు కొట్టడం, మా అబ్బాయికి ఫోను చెయ్యబోయి తప్పు నంబరు నొక్కి, అవతల ఎవరో ముక్కూమొహం తెలియని మనిషితో "త్వరగా రా నాన్నా" అని ఏడవడం, ఆ మనిషి పాపం అడ్రసు చెప్పమనడం, అంతా చెప్పాను. ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆయన డిపో సంగతేదో ఎత్తుకున్నారు, దాంట్లోంచి ఇంకేదో వచ్చింది.

పొయ్యిమీద కూర ఉన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. వాసన వచ్చాక వెళ్ళి చూస్తే అడుగంటి నల్లబడిపోయింది. మాడినది తినకూడదు, ఒంటికి మంచిది కాదు. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. గిన్నె మధ్యలో పెట్టుకుని గీక్కుని తినేశాం.

మీ అల్లుడి తల్లి